టెక్ సందేహాలు: ముందు శబ్దం సమం చేయండి, తర్వాత స్పీకర్లను పోల్చండి

పండగ అమ్మకాలు ముగిసిన నాటి నుంచి ఒకే రకం ఉత్తరాలు వస్తున్నాయి. బెంగళూరు మారతహళ్లి నుంచి ఒక పాఠకురాలు రాసినది వాటన్నిటికీ ప్రతినిధిగా తీసుకుంటున్నాను. ఆమె ఇంట్లో మూడు పరికరాలున్నాయి: ఒక బ్లూటూత్ స్పీకరు, మాటతో నడిచే వైఫై స్పీకరు, పాత యాంప్లిఫయర్‌కు తగిలించిన, ఇంటర్నెట్ నుంచి పాటలు తెచ్చే చిన్న స్ట్రీమర్ పెట్టె. ఒకే పాటను మూడింటిలోనూ వినిపిస్తే, ఇంటిల్లిపాదీ వైఫై స్పీకరే బాగుందన్నారట. మిగిలిన రెండూ అమ్మేయవచ్చా అని అడిగారు.

వద్దమ్మా, తొందరపడకండి. మీరు పోల్చింది నాణ్యతను కాదు, శబ్దం హెచ్చుతగ్గులను. రెండు స్పీకర్లలో ఒకటి కాస్త గట్టిగా మోగితే, మన చెవి దాన్ని ‘గట్టిగా ఉంది’ అనుకోదు, ‘స్పష్టంగా ఉంది’ అనుకుంటుంది. ఒక్క డెసిబెల్ తేడా చాలు తీర్పు తారుమారు కావడానికి. దుకాణంలో ఖరీదైన స్పీకరును కాస్త ఎక్కువ శబ్దంతో వినిపిస్తే మన చేయి జేబులోకి పోయేది ఇందువల్లే. తక్కువ శబ్దంలో మంద్ర స్వరాలు మన చెవికి సరిగా అందవని బెల్ ల్యాబ్స్‌కు చెందిన ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపించారు. అంటే శబ్దం తగ్గించిన స్పీకరులో బేస్ పలచబడినట్టు అనిపిస్తుంది. తప్పు స్పీకరుది కాదు.

మల్లేశ్వరం వైపు వెళ్లినవారు ఫిడేలు ఆకారంలో కట్టిన చౌడయ్య మెమోరియల్ హాలును చూసే ఉంటారు. మైసూరు చౌడయ్య తన ఫిడేలుకు మూడు తీగలు అదనంగా కట్టి ఏడు తీగలతో వాయించింది వెనక వరుసలో కూర్చున్న శ్రోత దాకా నాదం చేరాలని. శబ్దం అందకపోతే సంగీతం అందదని ఆయనకు తెలుసు. మనం మాత్రం మూడు యంత్రాలను మూడు రకాల శబ్దంతో మోగించి, సంగీతం గురించి తీర్పు చెబుతున్నాం.

సరిగా పోల్చాలంటే ఇలా చేయండి. ఫోనులో శబ్దాన్ని కొలిచే ఉచిత యాప్ ఒకటి వేసుకోండి. అది చూపే అంకె అసలు విలువ కాకపోవచ్చు, కానీ రెండింటి మధ్య తేడా తెలుసుకోవడానికి సరిపోతుంది. పింక్ నాయిస్ అనే ధ్వని ఒకటుంది, ఎడతెరిపి లేని వానలా వినిపిస్తుంది. దాన్ని ఒక్కో స్పీకరులో మోగించి, మీరు కూర్చునే చోట ఫోను పెట్టి, మూడింటికీ ఒకే అంకె వచ్చేదాకా శబ్దం సవరించండి. స్పీకర్లన్నిటినీ పక్కపక్కనే పెట్టాలి. స్ట్రీమింగ్ యాప్‌లో నాణ్యత ‘ఆటోమేటిక్’ అని ఉంటే తీసేసి, అన్ని పరికరాలకూ ఒకే స్థాయి ఎంచుకోండి. తర్వాత మీరు అటు తిరిగి కూర్చోండి. ఏది మోగుతోందో చెప్పకుండా ఇంకొకరు మార్చుతూ ఉండాలి. ఒకసారికి రెండు స్పీకర్లే తీసుకుని, పదిసార్లు మార్చి, ప్రతిసారీ ఏది మోగుతోందో కాగితం మీద రాయండి. అయిదారు సరిపోతే ఏమీ తేలనట్టే, నాణెం ఎగరేసినా అన్నే కుదురుతాయి. తొమ్మిదో పదో సరిపోతే మీ చెవికి నిజంగా తేడా తెలుస్తోందన్నమాట. ఏది నచ్చిందన్నది అప్పుడు మాట్లాడుకోవచ్చు. మార్పు చకచకా జరగాలి. సూక్ష్మమైన ధ్వని జ్ఞాపకం కొన్ని సెకన్లకు మించి నిలవదు. నిన్న దుకాణంలో విన్నదాన్ని ఇవాళ ఇంట్లో విన్నదానితో పోల్చేవారు ఊహను ఊహతో పోలుస్తున్నారు.

గది సంగతి ఇంకా పెద్దది. మన ఫ్లాట్లలో పడకగది పదడుగుల వెడల్పు, నేల మీద నున్నటి టైల్స్, ఒక గోడ నిండా అద్దం. పదడుగుల దూరంలో ఎదురెదురుగా ఉన్న గోడల మధ్య సుమారు 56 హెర్ట్జ్ దగ్గర శబ్దం నిలిచిపోయి ఉబ్బుతుంది. పన్నెండడుగులైతే 47 దగ్గర. సినిమా పాటల్లో బేస్ గిటార్ తిరిగే చోటు అదే. అందుకే ఒక స్వరం గుమ్మని మోగి, పక్క స్వరం మాయమవుతుంది. స్పీకరును మూలకు నెడితే ఆ గుమ్మనే మోత ఇంకా పెరుగుతుంది. చప్పట్లు కొట్టి చూడండి, టంగుమని తిరిగివస్తే ఆ గదిలో ఏ స్పీకరు పెట్టినా గాయకుడి మాట కరకరలాడుతుంది. ముందు ఒక మందపాటి తివాచీ, ఒక బరువైన పరదా కొనండి. ఆ ఖర్చుతో వచ్చేంత మెరుగుదలను అంతే ఖర్చుతో ఏ ఎలక్ట్రానిక్ పెట్టె కూడా ఇవ్వడం నేను చూడలేదు.

ఇక వైఫై, బ్లూటూత్ తేడా. సీడీలో సెకనుకు 1,411 కిలోబిట్ల సమాచారం ఉంటుంది. బ్లూటూత్‌లో అన్ని పరికరాలకూ తప్పనిసరి అయిన ఎస్‌బీసీ అనే కుదింపు పద్ధతి మామూలుగా 328 దగ్గర ఆగిపోతుంది. పైగా, ఇంటర్నెట్ నుంచి ఒకసారి కుదించి వచ్చిన పాటను ఫోను విప్పి, మళ్లీ కుదించి పంపుతుంది. మధ్యలో మెసేజ్ వస్తే ఆ టింగుమనే చప్పుడు కూడా పాటలో కలుస్తుంది. వైఫై ద్వారా పంపే పద్ధతుల్లో చాలావాటిలో ఫోను రిమోట్ మాత్రమే. పరికరమే ఇంటర్నెట్ నుంచి పాటను నేరుగా తెచ్చుకుంటుంది. మీ ఇంట్లో ఏది జరుగుతోందో తెలుసుకోవాలంటే పాట నడుస్తుండగా ఫోను స్విచాఫ్ చేయండి. పాట ఆగకపోతే పరికరం సొంతంగా తెచ్చుకుంటున్నట్టే.

అయినా ఒక మాట నిక్కచ్చిగా చెప్పాలి. చిన్న స్పీకరులో, హాలులో అటూ ఇటూ తిరుగుతూ వినేటప్పుడు ఈ తేడా చాలామందికి తెలియదు. బ్లూటూత్‌లో నిజంగా బాధ పెట్టేది పాట తెగిపోవడం. బ్లూటూత్ నడిచే 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలోనే పక్కింటి, పైయింటి, కిందింటి రూటర్లన్నీ కొట్టుకుంటున్నాయి. వైట్‌ఫీల్డ్‌లో ఒక అపార్ట్‌మెంట్ మధ్యలో నిలబడి ఫోనులో వైఫై పేర్ల జాబితా తెరిస్తే అది ఎంతకీ తరగదు.

‘సీడీ కన్నా ఎక్కువ వివరంతో వచ్చే హై రిజల్యూషన్ చందాకు డబ్బు కట్టాలా?’ అని ఇందిరానగర్ పాఠకుడి ప్రశ్న. సీడీ నాణ్యత దాకా కట్టండి, ఆ పైన అనవసరం. మెయర్, మోరన్ అనే ఇద్దరు 2007లో ప్రచురించిన పరీక్షలో, హై రిజల్యూషన్ శబ్దాన్నీ, దాన్నే సీడీ స్థాయికి దించిన శబ్దాన్నీ శ్రోతలకు చెప్పకుండా వినిపించారు. 554 ప్రయత్నాల్లో 276 సరైన జవాబులొచ్చాయి, సగానికి ఒక్కటి తక్కువ. ఘంటసాల కాలం నాటి పాటలు వినేవారికి ఇంకో సంగతి: అవి మోనో రికార్డింగులు. వాటికి ఒక్క మంచి స్పీకరు చాలు, జత అక్కర్లేదు.

ఇప్పుడు నన్ను నిజంగా కలవరపెట్టిన ఉత్తరం. ఎలక్ట్రానిక్ సిటీలో ఉంటున్న ఒక కుటుంబం రాసింది: ‘రాత్రి పదకొండు గంటలకు మా బ్లూటూత్ స్పీకరులో ఎవరిదో పాట మోగింది. పాప ఉలిక్కిపడి ఏడ్చింది. హ్యాక్ అయ్యామా?’

హ్యాక్ కాదు. తలుపు తెరిచే ఉంది. తెరా, అంకెల మీటలూ లేని స్పీకరుకు ‘నువ్వెవరు’ అని అడిగే దారి లేదు. పెయిరింగ్‌లో, అంటే కొత్త ఫోనుతో జత కట్టే స్థితిలో ఉండగా ఎవరు ముందు వస్తే వారికి చేయి అందిస్తుంది. పవర్ వేసిన ప్రతిసారీ తనంతట తానే పెయిరింగ్‌లోకి వెళ్లే స్పీకర్లు బోలెడు. పక్క ఫ్లాటులో పిల్లవాడు తన స్పీకరు అనుకుని మీదాన్ని నొక్కి ఉండవచ్చు. పెయిరింగ్ కోసం ఒక మీటను నొక్కి పట్టుకోవాలన్న చిన్న నియమం పెడితే ఈ గొడవ ఉండదు. ఆ మాత్రం కష్టం కూడా కొనేవారికి పెట్టకూడదనుకుని, తయారీదారులు గోడ అవతలివారికి కూడా సౌకర్యం కల్పించారు. మీ స్పీకరు యాప్‌లో పెయిరింగ్‌ను అదుపు చేసే అమరిక ఉంటే వాడండి. లేకపోతే విన్న తర్వాత ప్లగ్ తీసేయండి.

ఎవరిదో పాట మోగడం వరకే అయితే నేను ఇంత రాయను. 2017 సెప్టెంబరులో బ్లూబోర్న్ అనే లోపాల సమూహం బయటపడింది. పెయిరింగ్ అక్కర్లేదు, బ్లూటూత్ ఆన్‌లో ఉండి దాడి చేసేవారు దగ్గర్లో ఉంటే చాలు. ఫోన్లు, కంప్యూటర్లతో పాటు మాటతో నడిచే స్పీకర్లు కూడా దాని బారిన పడగలవని తేలింది. మరుసటి నెలలోనే క్రాక్ అనే లోపం బయటికి వచ్చింది. అది వైఫైకి తాళంగా మనం నమ్ముకున్న డబ్ల్యూపీఏ2 పద్ధతిలోదే. రెండింటికీ మందు సాఫ్ట్‌వేర్ అప్‌డేటే. అప్‌డేట్ అందుకున్న పరికరాలు బతికిపోయాయి. తయారీదారు వదిలేసిన పరికరాలకు ఆ చిల్లులు అలాగే మిగిలాయి, వాటిలో పాటలు మాత్రం శుభ్రంగా మోగుతూనే ఉన్నాయి. నాకు భయం కలిగించేది ఇదే. ఫోను పాతబడితే నెమ్మదిస్తుంది, మనకు తెలుస్తుంది. స్పీకరు సాఫ్ట్‌వేర్ చచ్చిపోయినా శబ్దం మారదు. మైకు ఉన్న వస్తువు, వైఫై పాస్‌వర్డ్ తెలిసిన వస్తువు, ఆఫీసు ల్యాప్‌టాప్ ఉన్న నెట్‌వర్క్‌లోనే కూర్చుని, కాపలా లేకుండా ఏళ్ల తరబడి నడుస్తుంది. ఇంటి నుంచి పనిచేసేవారు ఇంతమంది ఉన్న ఈ నగరంలో దీన్ని ఎవరూ పట్టించుకోకపోవడం నాకు మింగుడుపడటం లేదు.

చేయదగింది ఉంది. రూటరులో గెస్ట్ నెట్‌వర్క్ (అతిథుల కోసం విడిగా ఉండే వైఫై) తెరిచి స్పీకర్లను, టీవీని అందులోకి మార్చండి. ల్యాప్‌టాప్ అసలు నెట్‌వర్క్‌లో ఉండాలి. దీనితో ఒక చిక్కు వస్తుంది: ఫోను వేరే నెట్‌వర్క్‌లో ఉంటే స్పీకరును కనుక్కోలేదు. పాట పెట్టేటప్పుడు ఫోనును కూడా గెస్ట్ నెట్‌వర్క్‌కు మార్చండి. అప్పటికీ కనిపించకపోతే, పరికరాలు ఒకదానినొకటి చూడకుండా అడ్డుకునే అమరిక ఆ నెట్‌వర్క్‌లో ఆన్‌లో ఉందన్నమాట. దాన్ని గెస్ట్ నెట్‌వర్క్ వరకు తీసేయండి. రూటరులో యూపీఎన్‌పీ అనే అమరిక ఆన్‌లో ఉంటే ఆపేయండి. అది ఇంట్లోని ఏ పరికరం అడిగినా బయటి ప్రపంచానికి తలుపు తెరుస్తుంది. స్పీకరు యాప్ మీ కాంటాక్టులు అడిగితే ఇవ్వవద్దు, పాట మోగించడానికి మీ బంధువుల నంబర్లతో పనేమిటి? పాతది అమ్మేముందు ఫ్యాక్టరీ రీసెట్ చేయడం మరవకండి. వైఫై పాస్‌వర్డూ, చందా ఖాతా లాగిన్ దానిలోనే ఉంటాయి. ఎస్పీ రోడ్డులో సెకండ్ హ్యాండ్ కొనేవారు కూడా ఇంటికి తెచ్చిన వెంటనే అదే పని చేయాలి.

‘కొత్త అప్‌డేట్ వచ్చాక మా సౌండ్‌బార్ యాప్‌లో అలారం మాయమైంది, తిరిగి తెచ్చుకోవడం ఎలా?’ అని కోరమంగళ నుంచి ఒకరు అడిగారు. తెచ్చుకోలేరు. కానీ ఈ ఉత్తరం చదివాక నేను అలారం దగ్గర ఆగలేకపోతున్నాను. కొన్న రోజు ఉన్న సదుపాయాన్ని డబ్బు తీసుకున్నాక దూరం నుంచి తీసేయడం ఏ వ్యాపార ధర్మం? భద్రత కోసం ఇచ్చే అప్‌డేట్‌నూ, రూపం మార్చే అప్‌డేట్‌నూ ఒకే మూటగా కట్టి పంపుతున్నారు. విసిగిపోయినవారు అప్‌డేట్లన్నీ ఆపేస్తున్నారు, దానితో భద్రత కూడా ఆగిపోతోంది. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి అమలులో ఉన్న చట్టం ప్రకారం, ఇంటర్నెట్‌కు తగులుకునే పరికరానికి కనీసం ఎప్పటిదాకా భద్రతా అప్‌డేట్లు ఇస్తారో తయారీదారు ముందే ప్రకటించాలి. మన దగ్గర పెట్టె మీద గరిష్ఠ ధర ఉంటుంది, తయారైన నెల ఉంటుంది. అప్‌డేట్లు ఎప్పటితో ఆగిపోతాయో కూడా అక్కడే ముద్రించాలి. దుకాణంలో ‘బేస్ ఎలా ఉంది’ అని అడిగే ముందు ‘అప్‌డేట్లు ఎన్నేళ్లు’ అని అడగండి. అమ్మేవారికి జవాబు తెలియకపోయినా, అడిగినవారు పదిమంది అయితే ఆ ప్రశ్న పైదాకా వెళుతుంది.

ఇదే కారణంగా అన్నీ ఒకే డబ్బాలో బిగించిన స్పీకర్ల మీద నాకు గురి లేదు. మంచి స్పీకరు ఇరవై ఏళ్లు పాడుతుంది. దాని లోపలి కంప్యూటరు అన్నాళ్లు ఉండదు. నెట్‌కు తగులుకునే భాగాన్నీ పాడే భాగాన్నీ విడిగా కొంటే, మొదటిది పాతబడినప్పుడు దాన్ని మాత్రమే మార్చుకోవచ్చు.

మారతహళ్లి పాఠకురాలికి ఇప్పుడు నా జవాబు: పాత యాంప్లిఫయర్, దానికి తగిలించిన స్ట్రీమర్ ఉంచుకోండి. బ్లూటూత్ స్పీకరు మేడ మీదకి, ప్రయాణాలకి పనికొస్తుంది. అమ్మాలనిపిస్తే వైఫై స్పీకరునే అమ్మండి, రీసెట్ చేసి. మీరు పోల్చినప్పుడు స్ట్రీమర్ వెనకబడటానికి కారణం బహుశా దాని శబ్దం సగంలో ఉండటమే. స్ట్రీమర్ అమరికల్లో అవుట్‌పుట్ శబ్దాన్ని నూరు శాతానికి స్థిరం చేసి, హెచ్చుతగ్గులు యాంప్లిఫయర్ గుండీతోనే చేయండి. యాంప్లిఫయర్‌కు తగిలించిన స్పీకర్ల ముందు జాలీ తీసి, కోను చుట్టూ ఉన్న ఫోము అంచును వేలితో మెల్లగా తాకి చూడండి. పొడిగా రాలితే, పాట పెట్టకముందే దాన్ని మార్పించండి.