మూత వేసినా నిద్రపోని ల్యాప్‌టాప్

ప్రశ్న: కొత్త ల్యాప్‌టాప్ కొని నెల కాలేదు. రాత్రి 80 శాతం ఛార్జింగ్ ఉండగా మూత వేసి బ్యాగులో పెట్టాను. పొద్దున తీస్తే అట్ల పెనంలా కాలుతోంది, బ్యాటరీ చూస్తే 12 శాతం. పాతదాంతో ఇన్నేళ్లలో ఒక్కసారీ ఇలా జరగలేదు. నాకు లోపమున్న పీసు అంటగట్టారా?

జవాబు: పీసు మంచిదే అయ్యుండొచ్చు, కంగారుపడి తిరిగిచ్చేయకండి. మీ పాత ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఎస్3 అనే నిద్ర. అందులో ర్యామ్‌కి మాత్రం కాస్త కరెంటు అందుతుంది, ప్రాసెసర్, డిస్కు, ఫ్యాను అన్నీ ఆగిపోతాయి. ఇప్పుడొచ్చే చాలా విండోస్ ల్యాప్‌టాప్‌లలో అది తీసేసి మోడ్రన్ స్టాండ్‌బై అనేది పెట్టారు. ఇది ఫోన్ లాంటిది, తెర ఆరిపోతుంది గానీ లోపల కోడినిద్రే, మధ్యమధ్యలో లేచి మెయిల్స్, అప్‌డేట్లు చూసుకుంటూ ఉంటుంది. అంతా సవ్యంగా ఉంటే దీనికయ్యే ఖర్చు తక్కువే. కానీ ఏ వైఫై డ్రైవరో (వైఫై భాగాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్), వెనకాల నడిచే ఏదో ప్రోగ్రామో దాన్ని పడుకోనివ్వకపోతే రాత్రంతా పనిచేస్తూనే ఉంటుంది, పైగా బ్యాగులో గాలాడదు కదా, ఆ వేడి ఎక్కడికి పోతుంది?

మీది ఏ రకమో తేల్చుకోవడం తేలిక. కమాండ్ ప్రాంప్ట్‌ని (ఆదేశాలు టైపు చేసే నల్ల కిటికీ) అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి పవర్‌సీఎఫ్‌జీ (powercfg) అని (మధ్యలో ఖాళీ లేకుండా) కొట్టి, స్పేస్ ఇచ్చి, స్లాష్ ఏ అనండి. వచ్చేదాంట్లో అందుబాటులో ఉన్నవాటి జాబితాలో ఎస్0 లో పవర్ ఐడిల్ (S0 Low Power Idle) అని కనిపిస్తే నేను చెప్పిందే. అప్పుడు స్లాష్ ఏ బదులు స్లాష్ స్లీప్‌స్టడీ కొడితే ఒక రిపోర్టు తయారవుతుంది, ఫైల్ ఎక్కడ పడిందో అక్కడే చెబుతుంది, బ్రౌజర్‌లో తెరవండి. ఎప్పుడు పడుకుంది, ఎంత బ్యాటరీ తాగింది, ఎవరు పడుకోనివ్వలేదు అన్నీ అందులో ఉంటాయి. దొంగ ఏదో డ్రైవర్ అని తేలితే ల్యాప్‌టాప్ కంపెనీ సైటు నుంచి కొత్తది వేయండి.

ఈ దర్యాప్తంతా ఓపిక లేదంటారా, బ్యాగులో పెట్టేముందు స్లీప్ కాకుండా హైబర్నేట్ చేయండి. నేను చేసేది అదే. ర్యామ్‌లో ఉన్నదంతా డిస్కులో రాసేసి కరెంటు పూర్తిగా ఆపేస్తుంది కాబట్టి వేడెక్కడానికి ఏమీ మిగలదు, లేవడానికి మాత్రం స్లీప్ కంటే కొన్ని సెకన్లు ఎక్కువ తీసుకుంటుంది. కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్‌లో మూత వేస్తే ఏం చేయాలో ఎంచుకునే చోట హైబర్నేట్ పెట్టేస్తే ఇక గుర్తుంచుకోవాల్సిన పని కూడా ఉండదు. రిజిస్ట్రీలో (విండోస్ లోపలి సెట్టింగుల ఖాతా) ఏదో మార్చి పాత ఎస్3ని తెచ్చుకోమని సలహాలు కనిపిస్తాయి. కంపెనీవాళ్లు ఫర్మ్‌వేర్‌లోనే (మదర్‌బోర్డులో ఉండే మూల సాఫ్ట్‌వేర్) తీసేసినప్పుడు అది తిరిగి రాదు, ఆ జోలికి పోకండి.

ప్రశ్న: మా ల్యాప్‌టాప్‌లో అసలు హైబర్నేట్ అన్న మాటే కనబడట్లేదు!

జవాబు: చాలా వాటిలో దాచి ఉంచుతారు. పవర్ ఆప్షన్స్‌లో పవర్ బటన్లు ఏం చేయాలో చెప్పే పేజీకి వెళ్లి, పైన మసకగా ఉన్న సెట్టింగులను మార్చే లింకు నొక్కితే కింద టిక్కు పెట్టే గడి వస్తుంది. అక్కడా లేకపోతే ఇందాకటి కమాండ్ ప్రాంప్ట్‌లోనే పవర్‌సీఎఫ్‌జీ, స్పేస్, స్లాష్ హెచ్, స్పేస్, ఆన్. సీ డ్రైవ్‌లో చోటు మిగులుతుందని ఎవరో ఎప్పుడో ఇదే కమాండ్‌తో ఆఫ్ చేసి ఉంటారు. నిజమే, హైబర్‌ఫిల్ అనే ఫైలు మామూలుగా ర్యామ్‌లో 40 శాతం దాకా చోటు తీసుకుంటుంది, అంటే 16 జీబీకి ఆరు జీబీ పైమాటే, కానీ ఆఫ్ చేస్తే ఫాస్ట్ స్టార్టప్ (విండోస్ త్వరగా మొదలయ్యే సౌకర్యం) కూడా పోతుంది. లైనక్స్ వాడేవాళ్లయితే ముందు స్వాప్ (ర్యామ్‌లోది దించుకోడానికి డిస్కులో కేటాయించిన చోటు) ఎంత ఉందో చూసుకోండి, ర్యామ్‌లో ఉన్నది అందులో పట్టాలి. జడ్‌ర్యామ్ (ర్యామ్‌లోనే కుదించి పెట్టే స్వాప్) ఉంది కదా అనుకోకండి, అది కూడా ర్యామే, కరెంటు పోతే అదీ పోతుంది.

ప్రశ్న: అర్ధరాత్రి దానంతటదే లేచి కూర్చుంటోంది.

జవాబు: లేచిన వెంటనే పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ లాస్ట్‌వేక్ కొట్టండి, ఎవరు లేపారో చాలాసార్లు అక్కడే తెలిసిపోతుంది. నా విషయంలో అది మౌస్ అని తేలింది, టేబుల్ కాస్త కదిలినా లేపేసేది. డివైస్ మేనేజర్‌లో మౌస్ ప్రాపర్టీస్ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్‌లో కంప్యూటర్‌ని లేపే అనుమతికి ఉన్న టిక్కు తీసేశాను, గొడవ వదిలింది. మౌస్ కాకపోతే వేక్ టైమర్లను (పెట్టిన వేళకి కంప్యూటర్‌ని లేపేవి) అనుమానించండి, పవర్ ఆప్షన్స్ అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో, స్లీప్ కింద వాటిని ఆపేయొచ్చు.

ప్రశ్న: మూత తీస్తే లైట్లు వెలుగుతున్నాయి, తెర మాత్రం నల్లగానే ఉంటోంది. సేవ్ చేయని ఫైళ్లున్నాయి, ఒకటే టెన్షన్.

జవాబు: పవర్ బటన్ జోలికి వెళ్లకుండా ముందు విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బీ నాలుగూ కలిపి నొక్కండి. బీప్ మోగి, గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలై తెర రావచ్చు, ఫైళ్లకి ఏమీ కాదు. రెండుమూడు సార్లు ప్రయత్నించినా రాకపోతే బటన్ పది సెకన్లు నొక్కి ఆపేయడమే, సేవ్ చేయనిది అప్పుడు పోయినట్టే. ఇది తరచూ జరుగుతుంటే గ్రాఫిక్స్ డ్రైవర్, బయోస్ (ఇందాక చెప్పిన ఫర్మ్‌వేర్) రెండూ అప్‌డేట్ చేయండి, బయోస్ చేసేటప్పుడు ఛార్జర్ మాత్రం పీకకండి.