చేవెళ్ల పొలంలో చిన్న గది: రేకులా, శ్లాబా?

300 చదరపు అడుగుల గదికి రేకులు వేస్తే ఎండాకాలం ఉండగలమా అని అడిగారు కదండీ. ఒట్టి రేకులైతే కష్టమే. శంకర్‌పల్లి దగ్గర మేమూ అదే తప్పు చేసి, ఏప్రిల్ మధ్యాహ్నాలన్నీ వేపచెట్టు కిందే గడిపాం.

ఫిల్లర్ శ్లాబ్ వేయించండి. శ్లాబ్ అడుగు భాగంలో కాంక్రీటుకు పెద్దగా పని ఉండదు, అక్కడ పెంకులు పెడతారు. సిమెంటు కలిసొస్తుంది, వేడీ తగ్గుతుంది. కమ్ముల లెక్క మాత్రం ఇంజినీరుతోనే వేయించండి. పైన తెల్ల సున్నం కొట్టించండి.

గోడలకు ర్యాట్ ట్రాప్ బాండ్ మంచిది. ఇటుకల్ని అంచు మీద నిలబెట్టి మధ్యలో మూడంగుళాల ఖాళీ వదులుతారు. గోడ 9 అంగుళాలే, ఇటుకలు దాదాపు పాతిక శాతం మిగులుతాయి. మొదటి నాలుగు వరుసలు దగ్గరుండి కట్టించండి. మా మేస్త్రీ అలవాటు కొద్దీ ఆ ఖాళీని మాలుతో కుక్కేశాడు, విప్పించాల్సి వచ్చింది!

పడమర వైపు బాత్రూం పెట్టి కిటికీలు తగ్గించండి. నేలకు తాండూరు బండ చాలు.

నీళ్ల గురించి టెన్షన్ వద్దు. మన దగ్గర ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన. మీ కప్పు మీద నుంచే 18,000 లీటర్ల దాకా పట్టుకోవచ్చు. తొలి వాన మాత్రం వదిలేయండి.