హట్‌బే ఇంటి రేకుల సంగతి

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

మన హట్‌బే ఉన్న లిటిల్ అండమాన్‌ దీవిలో మే మూడో వారానికల్లా నైరుతి వాన దిగిపోతుంది. ఇంటికప్పు జింకు రేకుల పనేదైనా జనవరి, ఏప్రిల్ మధ్యలోనే ముగించు. సామాను పోర్ట్‌బ్లెయిర్ (ఇప్పటి శ్రీ విజయపురం) నుంచి ఓడలో రావాలి, సముద్రం బాగోకపోతే ఆ ఓడా ఉండదు. అందుకని రెండు రేకులు, ఒక కొప్పు రేకు, స్క్రూలు, వాషర్లు ఎప్పుడూ ఇంట్లో ఉండాలి. తడిసిన రేకుల్ని ఒకదానిమీదొకటి పేర్చకు, మధ్యలో తెల్లటి తుప్పు పడుతుంది. దించగానే తుడిచి ఏటవాలుగా నిలబెట్టు.

అందరూ కప్పు పైనే చూస్తారు. పైన పడ్డ ఉప్పును వాన కడిగేస్తుంది. అది పేరుకునేది చూరు కింద, వాన తగలని చోట. రేకు అక్కడే ముందు పోతుంది. వానల్లేని నెలల్లో నెలకోసారి చూరు లోపలి వైపు మంచినీళ్లతో, మెత్తటి బ్రష్‌తో కడుగు. నీళ్లకు ఇబ్బందైతే సముద్రం వైపు చూరు ఒక్కటైనా వదలకు.

స్క్రూ ఎప్పుడూ రేకు గట్టు మీదే, పల్లంలో కాదు. రబ్బరు వాషర్ కాస్త పరుచుకోగానే ఆపెయ్. ఇంకా బిగిస్తే గట్టు నొక్కుకుపోయి నీళ్లు నిలుస్తాయి. వదులైతే గాలికి రేకు ఆడి కన్నం పెద్దదవుతుంది. అప్పుడు కన్నాలు పూడ్చే ఎం-సీల్ ముద్ద పూసి ఊరుకోక, లావు స్క్రూ, పెద్ద వాషర్ వెయ్యి. పాత మేకులుంటే తీసేయించు, ఈదురుగాలికి అవి పైకి లేస్తాయి. గాలి ఎత్తేది ముందు చూరు, కొప్పు, పక్క అంచులనే. అక్కడ గట్టు విడిచి గట్టుకు స్క్రూ ఉండాలి.

కొత్త రేకులు వేయిస్తే నైరుతి గాలి తగిలే కొస నుంచి కాక, దానికి అవతలి కొస నుంచి మొదలుపెట్టించు. అప్పుడు జోడింపు నోట్లోకి గాలివాన దూరదు. పక్క జోడింపు రెండు గట్లు, కింది జోడింపు ఆరంగుళాలు. డ్రిల్లు చేసిన ఇనప రజను ఆ సాయంత్రమే ఊడ్పించు, లేకపోతే చుక్కచుక్కకీ తుప్పు లేస్తుంది. మేస్త్రి కొప్పు సందులో సిమెంటు పెడతానంటే ఒప్పుకోకు. పచ్చి సిమెంటు జింకు పూతను తినేస్తుంది, ఎండకు రేకు సాగితే ఎలాగూ పగులుతుంది.

తుప్పును వైరు బ్రష్‌తో గీకి, జింక్ క్రోమేట్ ప్రైమర్ మీద రెండు పూతలు ఎనామిల్ వెయ్యి. అంతకు ముందు స్క్రూ పక్కన బొటనవేలితో నొక్కి చూడు. రేకు లోపలికి దిగిందా, పెయింటు డబ్బులు దండగ. ఆ రేకు మార్చెయ్.

మీ మామయ్య