మారిషస్: ఏ నెలలో, ఏ ఒడ్డున?

(పాఠకుల ప్రయాణ ప్రశ్నలకు ఈ నెల జవాబులిస్తున్నవారు తణుకు వైపు, ఆ తరవాత మారిషస్‌లో పంచదార ఫ్యాక్టరీల్లో పనిచేసి రిటైరైన ఇంజనీరు.)

ప్రశ్న: పిల్లలకు మే నెలలో సెలవులు. అప్పుడు మారిషస్‌లో చలికాలం మొదలవుతుందని ట్రావెల్ ఏజెంటు అంటున్నాడు. డిసెంబరుకు మార్చుకోమంటాడు. ఏం చెయ్యమంటారు? (ఒక పాఠకురాలు, హనుమకొండ)

మేలోనే వెళ్ళండమ్మా. డిసెంబరులో టిక్కెట్టు ధర చూస్తే మీ ఏజెంటుకు ఆ నెల ఎందుకంత ఇష్టమో తెలుస్తుంది.

మారిషస్ భూమధ్యరేఖకు దక్షిణాన ఉంది కాబట్టి మనకు ఎండలు మండేటప్పుడు వాళ్ళకు చల్లబడుతుంది. అయితే ఆ చలి మీరనుకునే చలి కాదు. మేలో వానలు చాలావరకు వెనక్కి తగ్గి ఉంటాయి, సముద్రం మాత్రం వేసవి వేడి ఇంకా వదలదు. పిల్లలు గంటలకొద్దీ నీళ్ళలో ఉండొచ్చు. జులై, ఆగస్టుల్లో కూడా తీరంలో పగలు ఇరవై నాలుగు డిగ్రీల దాకా ఉంటుంది. వరంగల్ మే ఎండల్లోంచి వెళ్ళేవాళ్ళు దాన్ని చలి అంటే నేను ఒప్పుకోను.

నెల కన్నా ముఖ్యమైంది ఒడ్డు. పొడవు అరవై అయిదు కిలోమీటర్లు, వెడల్పు నలభై అయిదు ఉన్న దీవిలో అన్నిచోట్లా ఒకే వాతావరణం ఉంటుందనుకుని హోటల్ బుక్ చేస్తారు. కానీ గాలి ఆగ్నేయం నుంచి వస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా తూర్పు ఒడ్డున బెల్ మార్ వైపు అది ఆగకుండా కొడుతుంది, ఇసుక కళ్ళల్లో పడుతుంది. అదే రోజు పడమటి ఒడ్డున ఫ్లిక్ ఆన్ ఫ్లాక్‌లోనో, వాయవ్యాన త్రూ ఓ బిష్, మోన్ ష్వాజీ దగ్గరో నీళ్ళు చెరువులా ఉంటాయి. ఆ గాలి తెచ్చిన మేఘాలు మధ్యనున్న పీఠభూమికి తగిలి అక్కడే కురుస్తాయి. పడమటి తీరంలో ఏడాదికి పడే వానకు నాలుగింతలు పైన కొండల్లో పడుతుంది. క్యూర్‌పిప్ ఊరు సుమారు 550 మీటర్ల ఎత్తులో ఉంది. కింద పొట్టి చేతుల చొక్కాతో బయల్దేరినవాడు అక్కడికి చేరేసరికి గొడుగు, స్వెట్టర్ రెండూ కావాలంటాడు.

అందుకని, మే నుంచి సెప్టెంబరు దాకా అయితే పడమర లేదా ఉత్తరం. అక్టోబరు, నవంబరుల్లో తూర్పు కూడా బాగుంటుంది. జనవరి నుంచి మార్చి దాకా తుఫానుల కాలం. అక్కడ హెచ్చరికలు క్లాస్ 1 నుంచి 4 వరకు ఉంటాయి. క్లాస్ 3 పెట్టారంటే బస్సులు ఆగిపోతాయి, షాపులు మూస్తారు, అందరూ ఇళ్ళల్లోకి వెళ్ళిపోతారు. మీకు టెన్షన్ అక్కర్లేదు, హోటల్ వాళ్ళకు ఏం చెయ్యాలో బాగా తెలుసు. కాకపోతే కిటికీలు బిగించుకుని రెండు రోజులు కూర్చోవడానికి అంత డబ్బు పోయడం ఎందుకు?

ప్రశ్న: వీసా, డబ్బు సంగతి చెప్పండి. యూపీఐ పనిచేస్తుందంటున్నారు, నిజమేనా? (ఒక పాఠకుడు, గుంటూరు)

పర్యటనకు వెళ్ళే భారతీయులకు ముందుగా వీసా అక్కర్లేదు. తిరుగు టిక్కెట్టు, బస చేసే చోటి కాగితం చేతిలో ఉంచుకోండి, అడుగుతారు. బయల్దేరే ముందు ఆన్‌లైన్‌లో ప్రయాణ ఫారం నింపాలి. యూపీఐ, రూపే అక్కడ 2024 ఫిబ్రవరిలో మొదలయ్యాయి. అయినా నోట్లు పట్టుకెళ్ళండి. రోడ్డు పక్క దాల్ పురి అమ్మేవాడి దగ్గర ఫోన్ తీసి నిలబడితే వెనక క్యూలో ఉన్నవాళ్ళు ఊరుకోరు. వాళ్ళదీ రూపాయే గానీ మన రూపాయి కంటే విలువ ఎక్కువ. ధరల పట్టీ చూసి చవక అనుకుని రెండో ప్లేటు చెప్పేముందు లెక్క వేసుకోండి.

నిద్రమాత్రలు, మత్తున్న నొప్పి మాత్రలు వాడేవాళ్ళు డాక్టరు చీటీ ఒక్కటే నమ్ముకోకుండా అనుమతి విషయం ముందే కనుక్కోవాలి. మందుల చట్టం అక్కడ గట్టిగా ఉంటుంది. పచ్చి పళ్ళు, మొక్కలు, విత్తనాలు బ్యాగులో పెట్టకండి.

ప్రశ్న: మా అత్తగారు శుద్ధ శాకాహారి, ఉల్లిపాయ తింటారు. వారంపాటు రొట్టె, జామ్‌తో గడపాల్సి వస్తుందా? (ఒక కోడలు, రాజమహేంద్రవరం)

హోటల్లోనే కూర్చుంటే రావొచ్చు. బయటికి తీసుకెళ్ళండి, మీ అత్తగారు మీకంటే ఎక్కువ తింటారు.

ఆ దేశపు అసలు తిండి దాల్ పురి. ఉడికించి పొడి చేసిన పప్పు లోపల పెట్టి పల్చగా వత్తి కాలుస్తారు. రెండేసి కలిపి జతగా ఇస్తారు, మధ్యలో పెద్ద చిక్కుడు గింజల కూర, రుగాయ్ అనే టమాటా కూర, పచ్చిమిరప చట్నీ. కారం కావాలా అని అడుగుతారు. మనవాళ్ళు ధీమాగా తలూపుతారు. ఆ మిరపకాయ చిన్నదే గానీ మన గుంటూరు మిత్రుడు కూడా నీళ్ళడుగుతాడు. తరవాత గాతో పిమా. పేరు ఫ్రెంచిలా ఉన్నా చేతిలోకి వచ్చేది మన మసాలా వడే. పొద్దున్నే వేడిగా వేస్తారు, వెన్న రాసిన రొట్టెలో పెట్టుకు తింటారు. అలూదా అని సబ్జా గింజలు వేసిన చల్లటి పాలు రాజధాని పోర్ట్ లూయీ పెద్ద మార్కెట్లో తాగాలి. పోర్ట్ లూయీ మధ్యాహ్నం ఉక్కపోతకు దానికి మించింది లేదు. అనాసపండు ముక్కలకు ఉప్పూ కారం రాసి బీచ్‌ల దగ్గర అమ్ముతారు, అది కూడా.

ఒక్క జాగ్రత్త. నూడుల్స్, ఫ్రైడ్ రైస్ వెజ్ అన్నా చేపల సాస్ పడే వీలుంది. ముక్క తీసేసి ఇవ్వడాన్నే వెజ్ అనుకునే కొట్లూ ఉంటాయి. హలీం సూపులో మాంసం ఉంటుంది. "చేప వద్దు, మాంసం వద్దు, సాస్ వద్దు" అని మూడూ విడివిడిగా చెప్పాలి. ఆదివారం మధ్యాహ్నం దాటితే చాలా షాపులు మూసేస్తారు, శనివారమే పెరుగు, పళ్ళు కొనిపెట్టుకోండి.

ప్రశ్న: కారు అద్దెకు తీసుకోవాలా, బస్సులు చాలా? (ఒక పాఠకుడు, కర్నూలు)

నలుగురుంటే కారు. మనలాగే ఎడమ పక్క నడపాలి, రోడ్లు బాగుంటాయి, స్పీడ్ కెమెరాలు ఉన్నాయి. జూన్ నుంచి డిసెంబరు దాకా క్రషింగ్ సీజన్, చెరకు లారీలు మెల్లగా పోతుంటాయి. ఓవర్‌టేక్ చెయ్యాలని తొందరపడొద్దు. కోతకు వచ్చిన చెరకు మనిషికన్నా ఎత్తుగా రోడ్డుకు రెండు పక్కలా నిలబడుతుంది. నాలుగు రోడ్ల కూడలిలో పక్కనుంచి వచ్చే బండి బొత్తిగా కనపడదు.

బస్సులు చవక, ఊరూరా తిరుగుతాయి. పల్లెలవైపు సాయంత్రం ఆరున్నర తరవాత వాటిమీద ఆశ పెట్టుకోవద్దు. పోర్ట్ లూయీ నుంచి క్యూర్‌పిప్ దాకా మెట్రో ఉంది. టాక్సీ అయితే ఎక్కకముందే ధర తేల్చుకోండి. రోజంతా మాట్లాడుకున్న టాక్సీవాడు మిమ్మల్ని ఓడ బొమ్మల షాపుకో బట్టల షాపుకో తీసుకెళ్తాడు. అతని కమీషన్ అతనికి వస్తుంది, మీరు కొననక్కర్లేదు.

ప్రశ్న: మాకు ఈత రాదు. సముద్రంలో దిగొచ్చా? (ఒక జంట, నల్గొండ)

దీవి చుట్టూ దాదాపు అంతటా పగడపు దిబ్బ ఉంది. అలలు దూరంగా దానిమీద విరిగి, ఒడ్డు దగ్గర నీళ్ళు నడుము లోతులో నిలకడగా ఉంటాయి. అక్కడ హాయిగా దిగొచ్చు. దక్షిణాన సుయాక్ పక్కన గ్రీ గ్రీ అనే చోట మాత్రం దిబ్బ తెగిపోయింది, సముద్రం నేరుగా కొండరాయిని కొడుతుంది. చూడ్డానికి వెళ్ళండి, కాలు తడుపుకోవద్దు. దిబ్బలో సందులున్నచోట్ల నీళ్ళు బయటికి లాగుతాయి, బోర్డు ఉంటే దాని మాట వినండి.

రబ్బరు చెప్పులు వేసుకునే నీళ్ళలోకి దిగాలి. సముద్రపు ముళ్ళకాయలు (సీ అర్చిన్ అనే ముళ్ళ జీవులు), రాయిలాగే కనపడే స్టోన్‌ఫిష్ అడుగున ఉంటాయి. ఆ చేప ముల్లు గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో కాలు పెట్టి, వెంటనే ఆస్పత్రికి పోవాలి. పగడం ముక్కలు, గవ్వలు ఏరి ఇంటికి తేవడం నేరం.

బీచ్‌లు అందరివీ. పెద్ద హోటల్ ముందున్న ఇసుకలోనూ మీరు నడవొచ్చు. ఆదివారం పబ్లిక్ బీచ్‌లో సరుగుడు చెట్ల కింద స్థానిక కుటుంబాలు గిన్నెలు, పాటలతో దిగుతాయి. ఆ ఒక్క పూట చూడకుండా రిసార్టులోనే గడిపి వచ్చినవాళ్ళు మారిషస్ చూశామంటే నాకు నవ్వొస్తుంది.

ప్రశ్న: మా ముత్తాత తమ్ముడు కోరంగి రేవులో ఓడెక్కి మారిషస్ వెళ్ళాడని ఇంట్లో చెప్పుకుంటారు. వెతకొచ్చా? అక్కడ తెలుగు మాట్లాడతారా? (ఒక పాఠకుడు, కాకినాడ)

వెతకొచ్చు. మోకా అనే ఊళ్ళోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో వలస కూలీల రిజిస్టర్లు ఉన్నాయి. 1834 నుంచి చెరకు తోటల పనికి భారతదేశం నుంచి వచ్చిన సుమారు నాలుగున్నర లక్షలమంది వివరాలకు అదే చోటు. ప్రతి కూలీకి ఒక నంబరు ఇచ్చారు. ఓడ, సంవత్సరం, తండ్రి పేరు, ఊరు రాసుకున్నారు. మీరు ఇంటిపేరు పట్టుకుని వెళ్తే మాత్రం దొరకదు. అక్కడ అప్పయ్య, వెంకటస్వామి లాంటి మనిషి పేర్లే తరవాతి తరాలకు ఇంటిపేర్లయ్యాయి. గుమస్తా చెవికి ఎలా వినపడితే అలా రాశాడు. ముత్తాత తమ్ముడి పేరు, వాళ్ళ నాన్న పేరు, ఊరు, సుమారు ఏ కాలమో రాసుకుని, ముందే ఉత్తరం రాసి వెళ్ళండి.

పోర్ట్ లూయీ రేవు దగ్గర ఆప్రవాసీ ఘాట్‌కు ముందు వెళ్ళండి. ఓడ దిగినవాళ్ళు ఎక్కిన రాతి మెట్లు అక్కడే ఉన్నాయి. 2006లో యునెస్కో దాన్ని వారసత్వ స్థలంగా గుర్తించింది. ఆదివారం మూసి ఉంటుంది. తరవాత ఏదైనా చెరకు తోట మధ్య ఆగి నల్లరాళ్ళ గుట్టలు చూడండి. అది అగ్నిపర్వతపు నేల, రాళ్ళు ఏరితే తప్ప చెరకు నాటడానికి లేదు. వాటిని చేతులతో ఏరి పోసింది మీ ముత్తాత తమ్ముడిలాంటివాళ్ళే. మేం ఫ్యాక్టరీలో టన్నుల లెక్కలు వేసుకునేవాళ్ళం, ఆ గుట్టలకు ఎవరూ లెక్క రాయలేదు.

మాట సంగతికొస్తే, ఇళ్ళల్లో ఫ్రెంచి నుంచి పుట్టిన క్రియోల్ భాష నడుస్తుంది. తెలుగు భజనల్లో, బడిలో, పెళ్ళిళ్ళలో ఉంది. ఉగాది జాతీయ సెలవుదినం. సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండుగ చేస్తారు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. పెద్దవాళ్ళతో మెల్లగా మాట్లాడండి. వాళ్ళ తెలుగు పాతది, మీరు మధ్యలో ఇరికించే ఇంగ్లీషు ముక్కలు వాళ్ళకు అయోమయం.

ప్రశ్న: మాల్దీవులు మంచిదా, మారిషస్సా? (ఒక కొత్త పెళ్ళికొడుకు, హైదరాబాద్)

ఒకే గదిలోంచి నీళ్ళు చూస్తూ ఉండాలంటే మాల్దీవులు బాబూ. మారిషస్‌లో కొండలు, అడవి, బస్సులు, మార్కెట్లు ఉన్నాయి. ఇద్దరూ కలిసి నడవాలి, తడవాలి, దారి తప్పాలి. మీ ఆవిడను కూడా అడిగారా?

ప్రశ్న: అక్కడినుంచి ఏం తెచ్చుకోవాలి? (ఒక పాఠకురాలు, భీమవరం)

పంచదార. నవ్వకండి. పాంప్లెమూస్ తోటలో పెద్ద తామరాకులు చూశాక, పక్కనే బో ప్లాన్‌లో పాత పంచదార ఫ్యాక్టరీని మ్యూజియంగా మార్చారు, అక్కడికి వెళ్ళండి. చివర్లో రకరకాల ముడి చక్కెరలు చెంచాతో రుచి చూపిస్తారు. ముదురు గోధుమరంగు మస్కోవాడో కొనండి, మడ్డి వాసన ఇంకా వదలకుండా ఉంటుంది, కాఫీలోకి, అరటిపండు మీదికి బాగుంటుంది. బ్వా షెరీ వనిల్లా టీ కూడా తెచ్చుకోండి. తడి తగిలితే చక్కెర గడ్డ కడుతుంది, రెండు కవర్లలో గట్టిగా కట్టి పెద్ద బ్యాగులో పెట్టండి. ఓడ బొమ్మ కొనాలని మరీ ఉంటే, పెట్టె కొలత విమానంవాళ్ళకు చెప్పాకే కొనండి.