పాఠకుల ప్రశ్నలు: ఫెరారీ అంకెలు, గేర్లు, బెల్టులు

ప్రశ్న: ఫెరారీ 1929లో పుట్టిందని ఒకచోట, 1947లో అని ఇంకోచోట చదివాను. ఏది సరైనది? (ఏలూరు)

రెండూ సరైనవే. 1929లో మోదెనాలో ఎంజో ఫెరారీ పెట్టింది కార్ల కంపెనీ కాదు, రేసు జట్టు. దాని పేరు స్కుదేరియా ఫెరారీ. స్కుదేరియా అంటే ఇటాలియన్‌లో గుర్రపుశాల. రేసు బండ్ల మీద గుర్రం బొమ్మ కింద కనిపించే ఎస్, ఎఫ్ అక్షరాలు ఆ జట్టువే. ఆ రోజుల్లో వాళ్ళు పరుగెత్తించినవి ఆల్ఫా రోమియో బండ్లు. 1939లో ఆల్ఫాతో తెగిపోయినప్పుడు, నాలుగేళ్ళ దాకా ఫెరారీ పేరుతో రేసుల్లోకి దిగకూడదని షరతు పడింది. అందుకే 1940లో బ్రెషా రేసుకు ఆయన తయారుచేసిన రెండు బండ్లకు ఆ పేరు లేదు, ఉత్త ‘815’. ఎనిమిది సిలిండర్లు, ఒకటిన్నర లీటర్ల ఇంజన్. రెండూ మధ్యలోనే ఆగిపోయాయి.

యుద్ధకాలంలో, 1943లో, వర్క్‌షాపు మరనెల్లో అనే ఊరికి మారింది. ఫెరారీ పేరు పెట్టుకున్న మొదటి బండి 125 ఎస్ 1947 మే 11న పియాచెంజాలో రేసుకు దిగింది. ఫ్రాంకో కోర్తేజే అందరికంటే ముందు పోతుండగా ఫ్యూయల్ పంపు మొరాయించింది. సరిగ్గా రెండు వారాలకు, మే 25న రోమ్‌లో అదే బండి, అదే డ్రైవరు గెలిచారు. కంపెనీ వయసు లెక్కపెట్టేది ఈ 1947 నుంచే. 1987లో నలభై ఏళ్ళు నిండినందుకే ఎఫ్40కి ఆ పేరు.

రోడ్డు మీద తిరిగే బండ్లు అమ్మింది రేసుల ఖర్చు కోసం. మిగతా కంపెనీలు బండ్లు అమ్ముకోవడానికి రేసులకు వెళ్తే, ఎంజో లెక్క తిరగబడి ఉండేది. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతా ప్రశ్నలు సగం విడిపోతాయి.

ప్రశ్న: 250, 308, 458... ఈ అంకెలు దేన్ని చెబుతాయి? పెద్ద అంకె అంటే పెద్ద ఇంజనా? (హనుమకొండ)

కాదు. పాత బండ్లలో ఆ అంకె ఒక్క సిలిండరు ఘనపరిమాణం, సీసీల్లో. 125ను పన్నెండుతో హెచ్చవేస్తే 1500. అసలు ఇంజన్ 1497 సీసీ. 250ను పన్నెండుతో హెచ్చవేస్తే 3000. అసలుది 2953. ఇప్పుడు 1952 నాటి ‘500’ చూడండి. అంకె 250కి రెట్టింపు, ఇంజన్ మాత్రం రెండు లీటర్లే. దానికి ఉన్నవి నాలుగు సిలిండర్లు మరి! అల్బెర్తో అస్కారి 1952, 1953 ప్రపంచ టైటిళ్ళు గెలిచింది ఆ చిన్న బండితోనే.

తరవాత పద్ధతి మారింది. 308 అంటే 3.0 లీటర్లు, 8 సిలిండర్లు. 458 అంటే 4.5 లీటర్లు, 8 సిలిండర్లు. 296 కూడా ఇదే దారి: 2992 సీసీ, 6 సిలిండర్లు. మధ్యలో 488 వచ్చి మళ్ళీ పాత లెక్కకు పోయింది, ఎనిమిదితో హెచ్చవేసి చూడండి. 812లో 8 అంటే 800 హార్స్‌పవర్, 12 అంటే సిలిండర్లు. ఒకే సూత్రం వెతుక్కుంటే తల వాచిపోతుంది. సిలిండర్ల సంఖ్య ముందు తెలుసుకుని, ఆ తరవాతే అంకె విప్పండి.

ప్రశ్న: స్టీరింగ్ వెనక మీటలు నొక్కి గేరు మార్చడం ఫెరారీతోనే మొదలైందా? (విశాఖపట్నం)

ఫార్ములా వన్‌లో అవును, 1989లో, 640 అనే బండితో. దాన్ని గీసింది జాన్ బర్నార్డ్. డ్రైవరు కూర్చునే చోటు సన్నగా ఉంటే గాలి బాగా జారుతుంది. గేరు రాడ్డు, అది ఆడించే చెయ్యి అడ్డం. అందుకని రాడ్డునే తీసేశాడు. మీట నొక్కితే కరెంటు వెళ్ళి వాల్వు తెరుస్తుంది, ఆయిలు ఒత్తిడి గేరును తోస్తుంది. క్లచ్ పెడల్ ఉంది కానీ బండి కదిలించడానికే.

టెస్టుల్లో అది రేసు దూరం పూర్తి చేసిన పాపాన పోలేదు. మార్చి 26న రియోలో నైజెల్ మాన్సెల్ దాంతోనే మొదటి రేసు గెలిచేసరికి జట్టువాళ్ళే నోళ్ళు వెళ్ళబెట్టారు. ఆ ఏడాదంతా ఇదే తంతు: చివరిదాకా నడిచిన ప్రతిసారీ మొదటి మూడు స్థానాల్లో ఒకటి, లేదంటే మధ్యలో ఆగిపోవడం. అందరూ గేరుబాక్సును తిట్టారు గానీ చాలాసార్లు దోషం కరెంటుది. ఇంజన్ అదురుకు, కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ బెల్టు జారిపోయేది, వోల్టేజీ పడిపోయేది, వాల్వులు పనిచేయక గేరు బిగుసుకుపోయేది. ఇంట్లో కరెంటు లో-వోల్టేజీలో ఉంటే మోటారు మూలుగుతుందే, అలాగన్నమాట.

1997లో ఇది ఎఫ్355 ద్వారా రోడ్డు బండికి వచ్చింది. ఆ పరికరాలు ఇచ్చిన మాగ్నెటి మరెల్లీ కంపెనీయే 2014లో మన మారుతి సెలెరియోకు ఏఎంటీ (క్లచ్ పెడల్ లేకుండా గేర్లు తనే మార్చుకునే ఏర్పాటు) ఇచ్చింది. జాగ్రత్త కూడా రెంటికీ ఒకటే: ఎత్తు మీద బ్రేకు వదిలేసి యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టకండి. క్లచ్ జారుతూ కాలిపోతుంది. ఫెరారీలో ఆ బిల్లు సెలెరియో బిల్లులా ఉండదు.

ప్రశ్న: పాత ఫెరారీకి టైమింగ్ బెల్టు మార్చాలంటే ఇంజన్ దించాలట. నిజమా, డబ్బు గుంజడమా? (డాలస్ నుంచి)

మోడల్‌ను బట్టి. టైమింగ్ బెల్టు అంటే పిస్టన్ల కదలికకు తగ్గట్టు వాల్వులు తెరుచుకుని మూసుకునేలా చూసే రబ్బరు బెల్టు. 308, 328ల్లో ఇంజన్ అడ్డంగా ఉంటుంది కనక కుడి వెనక చక్రం గూటిలోంచి చెయ్యి పెట్టి మార్చవచ్చు. 348, ఎఫ్355ల్లో ఇంజన్ నిలువుగా, బెల్టులు సీట్ల వెనక గోడ వైపు తిరిగి ఉంటాయి. అక్కడ చెయ్యి పట్టదు. ఇంజన్‌ను వెనక ఫ్రేముతో సహా కిందికి దించాల్సిందే. టెస్టరోసా కూడా అంతే. 360లో సీట్ల వెనక పలక విప్పితే బెల్టు అందుతుంది. 2004లో వచ్చిన ఎఫ్430 నుంచి గొలుసు, ఈ బాధ లేదు.

బండి తిరగలేదు కదా అని వాయిదా వేయకండి. రబ్బరు కిలోమీటర్లతోనే కాదు, ఏళ్ళతో కూడా పాడవుతుంది. మూడు నుంచి ఐదేళ్ళకోసారి మార్పిస్తారు. బెల్టు ఒక్క పన్ను జారినా టైమింగ్ తప్పుతుంది, తెగితే పిస్టన్లు తెరిచి ఉన్న వాల్వులను గుద్ది వంచేస్తాయి. బెల్టుతో పాటు, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ బేరింగులు కూడా మార్పించండి. కొత్త బెల్టును పాత బేరింగే తినేస్తుంది. ఇంజన్ ఎలాగూ కింద ఉంది కనక వాటర్ పంపు, క్యామ్ సీళ్ళు, గొట్టాలు, క్లచ్ మందం అప్పుడే చూడమనండి. కొనేవాళ్ళు బిల్లులో బెల్టు మార్చిన తేదీ చూడాలి, మీటరు రీడింగు కాదు.

ప్రశ్న: ఫెరారీ రేసు బండ్లు ఎర్రగానే ఎందుకు? (తెనాలి)

అది ఇటలీ దేశపు రేసు రంగు, ఆల్ఫాకూ మసెరాటికీ అదే. 1964 చివర్లో 250 ఎల్‌ఎం అనే రేసు బండికి గుర్తింపు ఇచ్చే విషయంలో ఇటలీ మోటారు సంఘంతో తగువై, అమెరికా, మెక్సికో రేసులకు ఎంజో తన బండ్లను తెలుపు నీలాల్లో పంపాడు. జాన్ సర్టీస్ ఆ ఏడాది ప్రపంచ చాంపియన్ అయింది మెక్సికోలో, ఆ తెలుపు నీలం బండిలోనే.

ప్రశ్న: మా బంధువు పాత 360 లోపల బటన్లు బంకలా చేతికంటుతున్నాయి. ఎందుకు? (హైదరాబాద్)

బటన్ల మీద మెత్తని పూత వేస్తారు. ఎండకు, వయసుకు అది కరిగి జిగురవుతుంది. హైదరాబాద్ ఎండలో త్వరగానే అవుతుంది మరి. బటన్ల పలక విప్పి, ఐసోప్రొపిల్ ఆల్కహాలు గుడ్డకు తడిపి మెల్లగా తుడిస్తే పూత ఊడి కింది ప్లాస్టిక్ బయటపడుతుంది. గట్టిగా రుద్దితే బటన్ల మీద అచ్చేసిన తెల్లటి గుర్తులు కూడా చెరిగిపోతాయి. ముందు కనిపించని అంచున ఒకసారి తుడిచి చూడండి. పెట్రోలు, థిన్నరు మాత్రం దగ్గరికి రానివ్వకండి, ప్లాస్టిక్కే కరుగుతుంది.