ఒడిశాలోని గోపాల్‌పూర్ తీరంలో పడే టేకు చేపకు (స్టింగ్‌రే) నిజంగా విషం ఉంటుందా? అది ఎక్కడ బతుకుతుంది?

ఉంటుంది, కానీ మాంసంలో కాదు, తోక మీది రంపపు పళ్ల ముల్లులో. బంగాళాఖాతంలో దొరికే తెల్లచుక్కల టేకునే చూడండి (శాస్త్రీయ నామం మాక్యులాబాటిస్ గెరార్డి). ఇసుకో బురదో ఉన్న, లోతు తక్కువ తీరజలాలే దాని ఇల్లు. ఒంటిమీద ఇసుక కప్పుకుని, కళ్లు మాత్రం బయటపెట్టి పడుకుంటుంది. కావాలని మీదికి రాదు పాపం. తొక్కితేనో, వలలోంచి తీస్తుంటేనో తోక విసురుతుంది. అందుకే నీళ్లలో పాదాలు ఈడుస్తూ నడవాలి, అలికిడికి తప్పుకుంటుంది.

గుచ్చుకుంటే పసరు కట్లు వద్దు. ఆ విషం ప్రోటీన్, వేడికి పాడవుతుంది. చర్మం కాలనంత వేడినీళ్లలో (45 డిగ్రీలు దాటకుండా) అరగంట నుంచి గంటన్నర ముంచి ఉంచితే నొప్పి తగ్గుతుంది. తర్వాత ఆసుపత్రికి వెళ్లండి, ముల్లు ముక్క లోపల ఉండిపోవచ్చు. ఛాతీలోనో పొట్టలోనో దిగితే మాత్రం పీకకుండా వెంటనే బరంపురం పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి.