రాజమండ్రి నుంచి రెండు ఆదివారాల్లో: పాత ఇల్లు, ఆనకట్ట, కాలువ గట్టు, వెంట ఓ పెద్దావిడ

మీరు బదిలీ మీద రాజమండ్రి వచ్చి మూడు నెలలైందన్నారు. ఎనిమిదేళ్ళ బాబు, పన్నెండేళ్ళ పాప, డెబ్భై దాటిన అత్తగారు. పుష్కర ఘాట్ చూసేశాం, గుళ్ళు వద్దు, పొద్దున్నే బయల్దేరి దీపాలవేళకి ఇల్లు చేరేలా దగ్గర్లో పాత ఇళ్ళు, పల్లెపట్లు ఏమున్నాయని అడిగారు. చివర్లో "అత్తయ్యగారు విసుక్కుంటారేమో, ఆవిణ్ణి ఇంట్లో ఉంచి వెళ్ళాలా?" అని కూడా రాశారు. ఆ ఒక్క ప్రశ్న కోసమే ఇంత పెద్ద జవాబు రాస్తున్నానండి. దయచేసి ఆవిణ్ణి తీసుకెళ్ళండి.

మేం ఇక్కడ పన్నెండేళ్ళుగా ఉంటున్నాం. మొదట్లో మేమూ ఒక్క రోజులో ఐదు ఊళ్ళు పెట్టుకున్నాం. బిక్కవోలు, ద్రాక్షారామం, సామర్లకోట, పిఠాపురం, ఆఖర్న కాకినాడ బీచి. దారిలో చూద్దామనుకున్న ఒకచోట తాళం వేసి ఉంది. ఎండకి చిన్నాడికి వాంతులు. ఇంటికొచ్చేసరికి రాత్రి తొమ్మిది దాటింది. ఆ రోజు చూసినవేవీ ఇవాళ పిల్లల్ని అడిగితే చెప్పలేరు. బిక్కవోలులో తూర్పు చాళుక్యుల నాటి గుళ్ళు ఉన్నాయి, ఒక పూటంతా అక్కడే గడపాల్సినవి. వాటిని మేం పావుగంటలో చుట్టేశాం. ఆ బాధ నాకింకా ఉంది.

ఆ తరువాత ఒక్కరోజుకి ఒక ఇల్లు, ఒక ఊరు అని పెట్టుకున్నాం. ఇల్లు అని ఎందుకంటున్నానంటే, కోటలో, గుళ్ళో పిల్లలకి తమ జీవితంతో పోల్చుకునే కొలత దొరకదు. ఇంట్లో దొరుకుతుంది. వంట ఎక్కడ చేసేవారు, నీళ్ళు ఎవరు తెచ్చేవారు, ఎవరు ఎక్కడ పడుకునేవారు అని వాళ్ళే అడుగుతారు. జవాబు చెప్పగలిగేది సాధారణంగా మీ అత్తగారి వయసువాళ్ళే.

ఊళ్ళోనే మొదలుపెట్టండి. కందుకూరి వీరేశలింగం గారి ఇల్లు వంకాయలవారి వీధిలో ఉంది. 1848లో ఈ ఊళ్ళోనే పుట్టిన మనిషి. 1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహం జరిపించింది రాజమండ్రిలోనే. పిల్లలకి సంఘ సంస్కర్త అనే మాట పాఠంలో వచ్చేదే, అక్కడ ఆగిపోతే లాభం లేదు. మా అత్తయ్యగారు మాత్రం వాళ్ళకి ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారి కథ చెప్పారు. ఆ పెళ్ళిళ్ళ వల్ల ఊరు వెలేస్తే వంటవాళ్ళు రాలేదు, నీళ్ళు తెచ్చేవాళ్ళు రాలేదు. ఆవిడే గోదావరికి వెళ్ళి నీళ్ళు మోసుకొచ్చి, వచ్చినవాళ్ళందరికీ వండి పెట్టారు. మా అమ్మాయి "అంతమందికా మామ్మా?" అంది. అప్పుడు మా అత్తయ్యగారు అక్కడే కాస్త కూర్చుని, తన మేనత్త గురించి మొదలుపెట్టారు. పన్నెండేళ్ళకే భర్త పోయి, బొట్టూ పూలూ లేకుండా జీవితాంతం పెరటి గదిలో గడిపిన ఆవిడ. పెళ్ళయి వచ్చిన ఇన్నేళ్ళలో నేనెప్పుడూ వినలేదా మాట. మా ఆయనకీ తెలియదట. మా అమ్మాయికి అప్పుడు పదకొండేళ్ళు. ఆ సాయంత్రమంతా మామ్మ చెయ్యి వదల్లేదు.

అదే రోజు మధ్యాహ్నం ఓపిక ఉంటే చిత్రకారుడు దామెర్ల రామారావు పేరిట ఉన్న ఆర్ట్ గ్యాలరీకి వెళ్ళండి. మీ పాప బొమ్మలు వేస్తుందన్నారు కనక తప్పక చూపించాలి. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహంతో బొంబాయి వెళ్ళి చదువుకున్నాడాయన. 1925లో మశూచితో పోయేనాటికి ముప్ఫై ఏళ్ళు కూడా లేవు. అంత చిన్న వయసులో వేసిన బొమ్మలివి అని చెబితే చాలు.

ఇక రెండో ఆదివారం ధవళేశ్వరం. ఇక్కడ గోదావరి మీద ఆనకట్ట కట్టించిన ఇంజినీరు కాటన్ దొర పేరిట ఉన్న మ్యూజియంలో ఆ ఆనకట్ట నమూనాలు, పాత ఫొటోలు, బయట ఆవరణలో అప్పటి యంత్రాలు ఉంటాయి. నమూనాల దగ్గర తొందరపడకండి. డొక్కల కరువులో ఈ నేల ఎండి జనం చచ్చిపోయారనీ, 1847లో మొదలైన ఆనకట్ట 1852కి పూర్తయ్యిందనీ, ఆ తరువాతే ఈ డెల్టా పచ్చబడిందనీ వరసగా చెప్పండి. గోదావరి స్నానం చేసేటప్పుడు కాటన్‌ని తలుచుకునే శ్లోకం ఒకటుందని మా అత్తయ్యగారు అక్కడే చదివి వినిపించారు.

అక్కణ్ణించి, ఆ పాత ఆనకట్ట స్థానంలో తరువాత కట్టిన బ్యారేజీ మీదుగా కోనసీమ వైపు దాటండి. మొత్తం తలుపులు 175. ధవళేశ్వరం వైపు 70, ర్యాలి వైపు 43, మద్దూరు వైపు 23, విజ్జేశ్వరం వైపు 39. మీరు బొబ్బర్లంక వెళ్ళడానికి దాటేవి మొదటి రెండూ. మావాడు కారు కిటికీలోంచి లెక్కపెట్టి 113 రావాల్సిందానికి 109 దగ్గర ఆగాడు. తిరుగు ప్రయాణంలో మళ్ళీ లెక్కపెడతానని మమ్మల్ని వేరే దారిన రానివ్వలేదు. వరద నెలల్లో టీవీలో మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులు, రెండోది 13.75, మూడోది 17.75 అని వేస్తారు చూడండి, ఆ కొలత ఇక్కడిదే. ఇప్పుడు జులై, ఆగస్టుల్లో మావాడు ఆ వార్త కోసం కాచుకుని కూర్చుంటాడు. వరద ఉన్నప్పుడు మాత్రం పిల్లలతో ఆ వైపు వెళ్ళకండి, రేవుల్లోకి అసలు దిగనివ్వకండి.

బొబ్బర్లంక దాటాక కాలువ గట్టు దారి. ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. ఒకపక్క కాలువ, ఇంకోపక్క కొబ్బరితోటలు, అరటితోటలు. లొల్ల లాకుల దగ్గర కారు ఆపి దిగండి. లాకు అంటే ఏమిటో పిల్లలకి బొమ్మ గీసి చూపించాను. పై కాలువ నీరు ఎత్తులో, కింది కాలువ నీరు పల్లంలో ఉంటుంది. పడవని రెండు తలుపుల మధ్యకి తెచ్చి, కింది తలుపు మూసి పై నీరు వదిలితే, నీటితోపాటు పడవ కూడా పైకి లేస్తుంది. అప్పుడు పై తలుపు తీస్తారు. పొలాలకి నీళ్ళివ్వడానికే కాదు, పడవలు తిరగడానికి కూడా తవ్విన కాలువలివి. నేను ఇంత చెప్పాక మా అత్తయ్యగారు, "నేను ఎక్కానర్రా, చిన్నప్పుడు మా అమ్మమ్మగారి ఊరికి పడవ మీదే వెళ్ళేవాళ్ళం" అన్నారు. గట్టు మీద మనుషులు తాడు పట్టుకుని లాగుతూ నడిచేవారట. లాకు దగ్గర పడవ ఆగితే దిగి మరమరాలు కొనుక్కునేవారట. నా బొమ్మ పక్కకి పోయింది. పిల్లలు ఆవిడ చుట్టూ చేరిపోయారు.

ఆత్రేయపురం అక్కణ్ణించి దగ్గరే. పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దుకాణంలో పెట్టె కొనుక్కుని వచ్చేయకుండా, రేకు తీసే ఇంటికి వెళ్ళి చూడనిస్తారా అని మర్యాదగా అడగండి. బోర్లించిన కుండ, కింద కొబ్బరాకుల మంట, పల్చటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డ. రేకు తీసే ఆవిడ గుడ్డని కుండ మీద ఒక్కసారి లాగగానే రేకు తయారు. మా అమ్మాయి చేతికిస్తే పట్టుకోగానే ముక్కలైపోయింది. ఆ పొగలో, ఆ వేడిలో రోజంతా కూర్చునే పని అది, బేరం ఆడకండి. శనివారం మాత్రం ఈ వైపు రాకండి, వాడపల్లి వెంకటేశ్వరస్వామి గుడికి వచ్చే జనంతో దారి కదలదు.

గుళ్ళు వద్దన్నారు గానీ, ర్యాలి ఒక్కటి చూడండి. ఒకే రాతిలో ముందువైపు కేశవుడు, వెనకవైపు మోహిని. పూజారిగారు దీపం పట్టి వెనక జడముడి చూపిస్తుంటే పిల్లలు గుడ్లప్పగించి చూస్తారు. మధ్యాహ్నం గుడి మూసేస్తారు కనక ముందే వెళ్ళాలి.

తిరిగి రావడానికి రావులపాలెం మీదుగా హైవే ఎక్కితే, జొన్నాడ వంతెన దాటాక కడియపులంక నర్సరీలు వస్తాయి. ఎండ తగ్గాక దిగండి. మొక్క ఎంచుకునే పని మీ అత్తగారికే వదిలెయ్యండి. మా ఇంట్లో మేడ మీద ఉన్న బొడ్డుమల్లె అలా వచ్చిందే.

పెద్దావిడ కోసం ఒక మడత కుర్చీ, మందులు, పులిహోర, పెరుగన్నం ఉంటే చాలు. మ్యూజియం సెలవు ఎప్పుడో ముందురోజే కనుక్కోండి. వేసవిలో కాలువలకి నీళ్ళు ఆపేస్తారు, అప్పుడు లాకుల దగ్గర చూడటానికేమీ ఉండదు. అక్టోబరు చివరినుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది, కాలువ నిండుగా, ఎండ తక్కువగా. కారులో ముందు సీటు ఆవిడకివ్వండి, గట్టు అక్కణ్ణించే బాగా కనిపిస్తుంది.